శస్త్రచికిత్స ఆడిట్, గాయాల నివారణ: వర్ధమాన దేశాల్లో

ఆసుపత్రిలో జరిగిన ఆపరేషన్లను, వాటి ఫలితాలను ముందుగా ఒప్పుకున్న ప్రమాణాలతో సరిచూసి, తేడా కనిపించిన చోట పద్ధతి మార్చి, మార్చాక మళ్లీ సరిచూసుకోవడమే శస్త్రచికిత్స ఆడిట్. రోడ్డు ప్రమాదాలు, ఎత్తు నుంచి పడడం, కాలడం, యంత్రాల్లో చేతులు నలగడం వంటివి జరగకుండా, ఒకవేళ జరిగినా ప్రాణం మీదికి రాకుండా చూసే ప్రజారోగ్య కృషి గాయాల నివారణ. మొదటిది ఆసుపత్రి లోపలి పని, రెండోది బయటి పని. ధనిక దేశాల్లో ఇవి చాలావరకు వేర్వేరు శాస్త్రాలుగా పెరిగాయి. వర్ధమాన దేశాల సర్జికల్, ఆర్థోపెడిక్ వార్డుల్లో గాయపడి వచ్చినవారే ఎక్కువగా కనిపిస్తారు. అందువల్ల అక్కడ ఆసుపత్రి రిజిస్టరు రెండు పనులకూ పనికొస్తుంది. ఏ రోగి ఎందుకు చనిపోయాడో చెప్పే పుస్తకమే ఏ మలుపు దగ్గర, ఏ యంత్రం దగ్గర జనం గాయపడుతున్నారో కూడా చెప్పగలదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం గాయాల వల్ల ఏటా సుమారు 44 లక్షల మంది మరణిస్తున్నారు. 2021లో రోడ్డు ప్రమాద మరణాలు 11.9 లక్షలు. వాటిలో 92 శాతం అల్ప, మధ్య ఆదాయ దేశాల్లోనే జరిగాయి. ప్రపంచంలోని వాహనాల్లో ఆ దేశాల వాటా దాదాపు 60 శాతమే.

పరిధి

ఆడిట్ పరిశోధన కాదు. ఏది మంచి చికిత్సో తేల్చడం పరిశోధన పని. మంచిదని తేలిన చికిత్స మన దగ్గర జరుగుతోందా అని చూడడం ఆడిట్ పని. ఇది విచారణ కూడా కాదు. తప్పు చేసినవారిని పట్టుకోవడం దీని ఉద్దేశం కాదు. ఆచరణలో ఈ గీత చెరిగిపోయిన చోటల్లా ఆడిట్ ఆగిపోయింది. శిక్ష భయం ఉన్నప్పుడు కేస్ షీట్లలో నిజం రాయడం మానేస్తారు.

లెబనాన్ మూలాలున్న అమెరికన్ వైద్యుడు అవెడిస్ డోనబెడియన్ 1966లో వైద్య నాణ్యతను మూడు కోణాల నుంచి చూడాలని ప్రతిపాదించాడు. అవి వసతులు, ప్రక్రియ, ఫలితం. థియేటర్లో పనిచేసే సక్షన్ మిషన్ ఉందా అన్నది వసతుల ప్రశ్న. కోత పెట్టే ముందు సరైన సమయంలో యాంటీబయాటిక్ ఇచ్చారా అన్నది ప్రక్రియ ప్రశ్న. కుట్లు చీము పట్టాయా, రోగి బతికాడా అన్నవి ఫలితం ప్రశ్నలు. నేటికీ ఆడిట్లన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకదాని కిందికి వస్తాయి.

చరిత్ర

ఆధునిక శస్త్రచికిత్స ఆడిట్‌కు మూలపురుషుడిగా బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్‌ను చెప్పుకుంటారు. ఆపరేషన్ చేయించుకున్న ప్రతి రోగినీ ఏడాది తర్వాత మళ్లీ చూసి, ఫలితం బాగులేకపోతే కారణమేమిటో రాసిపెట్టాలన్నది అతని వాదన. మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి ఇందుకు సుముఖంగా లేకపోవడంతో 1914లో అక్కడి ఉద్యోగం వదులుకున్నాడు. 1911లో తాను తెరిచిన చిన్న ఆసుపత్రిలో 1916 వరకు డిశ్చార్జి అయిన 337 మంది రోగుల విషయంలో 123 పొరపాట్లు జరిగాయని లెక్క తేల్చి, స్వయంగా అచ్చు వేయించాడు. ఆ కాలపు సర్జన్లు దీన్ని హర్షించలేదు.

ఇంగ్లండ్‌లో 1987లో వెలువడిన పెరిఆపరేటివ్ మరణాల గోప్య విచారణ నివేదిక మరో మైలురాయి. మూడు ప్రాంతాల్లోని ఆపరేషన్ మరణాలను సర్జన్లు, మత్తు వైద్యులు కలిసి పేర్లు బయటపెట్టకుండా సమీక్షించారు. రాత్రిపూట పెద్ద డాక్టర్ల పర్యవేక్షణ లేకుండా జూనియర్లు కష్టమైన ఆపరేషన్లు చేస్తున్నారని అందులో తేలింది. స్కాట్లాండ్ 1994లో, పశ్చిమ ఆస్ట్రేలియా 2001లో ఇలాంటి మరణ ఆడిట్లను మొదలుపెట్టాయి.

హైదరాబాద్‌కు ఈ చరిత్రలో ఒక చిత్రమైన స్థానం ఉంది. క్లోరోఫారం మత్తులో రోగులు హఠాత్తుగా చనిపోవడానికి కారణం గుండె ఆగడమా, ఊపిరి ఆగడమా అన్నది 19వ శతాబ్దపు పెద్ద వివాదం. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ చొరవతో, నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్థిక సహాయంతో 1888, 1889లలో రెండు క్లోరోఫారం కమిషన్లు హైదరాబాద్‌లో పనిచేశాయి. రెండోదానికి లండన్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చాడు. జంతువులపై ప్రయోగాలు జరిపి, ముందు ఆగేది ఊపిరేనని, శ్వాసను గమనిస్తూ ఉంటే క్లోరోఫారం సురక్షితమని కమిషన్ తేల్చింది. క్లోరోఫారం వల్ల గుండె లయ తప్పి కూడా మరణం రావచ్చని 1911లో ఎ.జి. లెవీ ప్రయోగాలు నిరూపించాయి. హైదరాబాద్ కమిషన్ పని నేటి అర్థంలో ఆడిట్ కాదు. మరణించిన రోగుల రికార్డుల కంటే జంతు ప్రయోగాల మీద ఎక్కువ ఆధారపడడమే దాని లోపం. అయినా ఆపరేషన్ బల్ల మీద జరిగిన మరణాన్ని విధికి వదిలేయకుండా ప్రభుత్వ ఖర్చుతో కారణం వెతికిన తొలి ప్రయత్నాల్లో అది ఒకటి.

గాయాల నివారణ శాస్త్రం మరింత ఆలస్యంగా రూపుదిద్దుకుంది. ప్రమాదం అంటే దురదృష్టం లేదా నిర్లక్ష్యం అన్న భావనను పక్కనపెట్టి, శరీరం తట్టుకోలేనంత శక్తి ఒక్కసారిగా దాని మీదికి బదిలీ కావడమే గాయం అన్న దృష్టి 1960లలో బలపడింది. అమెరికా రహదారి భద్రతా సంస్థకు తొలి అధిపతి విలియం హాడన్ దీన్ని ఒక పట్టికగా మలిచాడు.

ఆడిట్‌లో రకాలు

మరణాలు, ఉపద్రవాల సమావేశం అన్నిటికంటే పాతది, అన్నిటికంటే విస్తృతంగా ఉన్నది. వైద్య కళాశాలల్లో దీన్ని ఎం అండ్ ఎం మీటింగ్ అంటారు. నెలకోసారి యూనిట్లన్నీ కూర్చుని ఆ నెలలో పోయిన రోగుల కేస్ షీట్లు చదువుతాయి. ఇది ఖర్చులేని పని. తీసుకున్న నిర్ణయాలను రాసి, తర్వాతి నెలలో ఎంతవరకు అమలయ్యాయో అడగకపోతే మాత్రం ఇది జూనియర్లకు చీవాట్లు పడే చోటుగా మిగిలిపోతుంది.

ప్రమాణ ఆధారిత ఆడిట్‌లో ఒక్క ప్రశ్నే తీసుకుంటారు. ఉదాహరణకు, ఎముక బయటికి వచ్చిన విరుగుళ్లకు ఎన్ని గంటల్లో యాంటీబయాటిక్ పడింది, ఎన్ని గంటల్లో గాయం కడిగారు అని చూస్తారు. ఆపరేషన్ కుట్ల ఇన్ఫెక్షన్ ఆడిట్‌లో గాయాలను శుభ్రమైనవి, కొంత కలుషితమైనవి, కలుషితమైనవి, చీముతో ఉన్నవి అని నాలుగు తరగతులుగా విడదీసి లెక్కిస్తారు. లేకపోతే హెర్నియా ఆపరేషన్లు ఎక్కువ చేసే ఆసుపత్రి, పేగు చిల్లుపడిన కేసులు ఎక్కువ చేసే ఆసుపత్రి కన్నా మంచిదన్న తప్పు భావన కలుగుతుంది.

ఆపరేషన్ అసలు అవసరమా అన్నది మరో రకం ఆడిట్. దీనికి తెలుగు రాష్ట్రాల్లోనే స్పష్టమైన ఉదాహరణ ఉంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగింపు ఆపరేషన్ చేయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ఇంత తేడాను జబ్బు ఒక్కటే వివరించలేదు. బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అనవసర ఆపరేషన్ల మీద దాఖలైన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలుచేయాలని ఆదేశించింది.

ఆపరేషన్ భద్రతా జాబితాను ప్రక్రియ ఆడిట్‌కు దగ్గరి చుట్టంగా చెప్పవచ్చు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన 19 అంశాల జాబితాను మత్తు ఇవ్వకముందు, కోత పెట్టకముందు, రోగి థియేటర్ వదలకముందు మూడుసార్లు పైకి చదవాలి. ఎనిమిది నగరాల్లో దీన్ని పరీక్షించారు. వాటిలో ఢిల్లీ, మనీలా, అమ్మాన్, టాంజానియాలోని ఇఫకారా ఉన్నాయి. 2009 జనవరిలో వెలువడిన ఫలితాల్లో మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, ఉపద్రవాలు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి.

పని జరిగే తీరు

వర్ధమాన దేశపు జిల్లా ఆసుపత్రిలో ఆడిట్‌కు మూలాధారం థియేటర్ రిజిస్టరు. గీతలు గీసిన పెద్ద పుస్తకంలో తేదీ, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, పేరు, వయసు, జబ్బు, చేసిన ఆపరేషన్, సర్జన్, సహాయకుడు, మత్తు డాక్టరు, మత్తు రకం వరుసగా ఉంటాయి. చివర రిమార్కుల గడి ఎక్కువగా ఖాళీగా ఉంటుంది. రోగి ఏమయ్యాడో అందులో ఉండదు. అందుకు వార్డు రిజిస్టరు చూడాలి. గాయపడి వచ్చినవాడు పోలీసులకు తెలియజేయాల్సిన మెడికోలీగల్ కేసు కాబట్టి ఎలా గాయపడ్డాడో క్యాజువాలిటీలోని వేరే పుస్తకంలో, పోలీసుల అవసరానికి తగినంత మేరకే రాసి ఉంటుంది. ఈ మూడు పుస్తకాలనూ ఐపీ నంబరు ఆధారంగా జతపరచడంలోనే ఆడిట్ చేసేవారి సమయమంతా పోతుంది.

మరణాలను లెక్కించేటప్పుడు మరో చిక్కు ఉంది. రోగి దక్కడని తెలిశాక చివరి ఘడియల్లో ఇంటికి తీసుకెళ్లడం దక్షిణాసియాలో మామూలే. రికార్డులో అది డాక్టరు సలహాకు విరుద్ధంగా వెళ్లిపోవడం, అంటే లామా, అని పడుతుంది. లామా కేసులను పక్కనపెట్టిన ఆసుపత్రి మరణాల శాతం చూడడానికి ముచ్చటగానే ఉంటుంది గానీ నమ్మదగింది కాదు.

గాయం తీవ్రతను అంకెల్లో చెప్పకుండా రెండు ఆసుపత్రులను పోల్చలేం. 1974లో సుసాన్ బేకర్ బృందం రూపొందించిన గాయ తీవ్రతా స్కోరు శరీర భాగాలవారీగా మూడు పెద్ద గాయాల స్థాయిని వర్గం చేసి కూడుతుంది. గరిష్ఠం 75, 15 దాటితే పెద్ద గాయం. దీనికి స్కానింగ్, శవపరీక్ష వివరాలు కావాలి. అవి లేని చోట వాడడానికి ఉగాండాలో కంపాలా ట్రామా స్కోరు వచ్చింది. వయసు, రక్తపోటు, శ్వాస వేగం, స్పృహ, పెద్ద గాయాల సంఖ్య తెలిస్తే చాలు, క్యాజువాలిటీ నర్సే దీన్ని లెక్కకట్టవచ్చు.

నివారించదగిన మరణాల సమీక్ష ఆడిట్ మొత్తానికి గుండెకాయ. సర్జన్, మత్తు వైద్యుడు, ఎముకల వైద్యుడు, నర్సు తదితరులు కలిసి కూర్చుంటారు. ఒక్కో మరణాన్ని నివారించదగినది, బహుశా నివారించదగినది, నివారించలేనిది అని వర్గీకరిస్తారు. ఊహకు ఒక కేసు తీసుకుందాం. రాత్రి 9.40కి జాతీయ రహదారి పక్కన ఆగి ఉన్న లారీని బైకు ఢీకొంది. మొదట దగ్గర్లోని సామాజిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లారు. అక్కడ సెలైన్ పెట్టి పెద్దాసుపత్రికి రాసిచ్చారు. రోగి 11.30కి చేరాడు. రక్తపోటు తక్కువగా ఉన్నా ముందు తలకు సీటీ తీయించడానికి పంపారు. ప్లీహం చిట్లి కడుపులో రక్తస్రావం అవుతోందని ఒంటిగంటకు తెలిసింది. రక్తం దొరికేసరికి రెండు దాటింది. థియేటర్లో ప్రాణం పోయింది. సమీక్షలో ‘బహుశా నివారించదగినది’ అని తేలుతుంది. కడుపు పరీక్ష ఎందుకు ఆలస్యమైంది, రాత్రిపూట రక్తనిధి తాళం ఎవరి దగ్గర ఉంటుంది అన్న ప్రశ్నలకు ఆసుపత్రే జవాబు చెప్పుకోవాలి. చాలా సమీక్షలు ఇక్కడితో ఆగిపోతాయి. లారీ వెనక రేడియం స్టిక్కర్లు ఎందుకు లేవు, బైకు మీదున్న అతనికి హెల్మెట్ ఉందా, ఆ చోట లారీలు ఎందుకు ఆగుతున్నాయి అని అడగడంతో నివారణ మొదలవుతుంది.

ఖోన్ కేన్ అనుభవం

సమీక్ష నుంచి నివారణకు ఈ రెండో అడుగు వేసిన ఆసుపత్రుల్లో ఎక్కువగా ఉదహరించేది థాయిలాండ్ ఈశాన్య ప్రాంతంలోని ఖోన్ కేన్ ప్రాంతీయ ఆసుపత్రిని. మోటారుసైకిళ్లు ఎక్కువగా తిరిగే ప్రాంతం అది. సర్జన్ విటయ చాద్‌బుంచాచై నాయకత్వంలో గాయపడి వచ్చిన ప్రతి రోగి వివరాలనూ ట్రామా రిజిస్ట్రీలో నమోదు చేశారు.

రిజిస్ట్రీలోని మరణాలను నిపుణుల బృందం సమీక్షించినప్పుడు ఒకే రకమైన లోపాలు పదేపదే కనిపించాయి. షాక్‌లో ఉన్న రోగికి, రిఫర్ చేసిన ఆసుపత్రిలోనూ, ఖోన్ కేన్ ఎమర్జెన్సీలోనూ సరిపడా చికిత్స అందలేదు. తల గాయాలకు ఆపరేషన్ ఆలస్యమైంది. రోగి ఏ స్థితిలో వస్తున్నాడో విభాగాల మధ్య ముందుగా తెలియలేదు. దిద్దుబాట్లు కూడా అంతే మామూలువి. రద్దీ వేళల్లో అనుభవజ్ఞులైన సర్జన్లను ఎమర్జెన్సీలోనే ఉంచారు. విభాగాల మధ్య రేడియో సెట్లు పెట్టారు. కొత్తగా చేరిన జూనియర్ డాక్టర్లకు మొదట్లోనే శిక్షణ ఇచ్చారు. కొత్త భవనం కట్టలేదు. చేర్పించిన గాయాల రోగుల్లో మరణాలు 1994లో 6.1 శాతం ఉండగా 1997 నాటికి 4.4 శాతానికి తగ్గాయి.

ఆసుపత్రి అక్కడితో ఆగలేదు. మోటారుసైకిళ్ల మీద వెళ్తూ గాయపడ్డవారిలో ఎంతమందికి హెల్మెట్ లేదో రిజిస్ట్రీలో లెక్క ఉంది. ఆ లెక్క పట్టుకుని వైద్యులు ప్రాంతీయ అధికారులతో, పోలీసులతో కలిసి పనిచేశారు. థాయిలాండ్ హెల్మెట్ చట్టం ఖోన్ కేన్‌లో 1996లో అమలులోకి వచ్చింది. ముందూ తర్వాతా పోల్చి 2003లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం హెల్మెట్ పెట్టుకున్నవారి సంఖ్య ఐదు రెట్లు పెరిగింది. తల గాయాలు 41.4 శాతం, మరణాలు 20.8 శాతం తగ్గాయి. న్యూరోసర్జరీ వార్డు భారం థియేటర్ బయట తీసుకున్న నిర్ణయంతో తగ్గిందనడానికి ఇది అరుదైన లిఖిత ఆధారం. ఖోన్ కేన్ అనుభవం 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన ట్రామా నాణ్యతా మార్గదర్శకాల్లో చోటు సంపాదించింది.

గాయాల నివారణ: సూత్రాలు (చూడండి: రహదారి భద్రత)

హాడన్ పట్టికలో నిలువు వరుసలు నాలుగు: మనిషి, వాహనం లేదా పరికరం, భౌతిక పరిసరం, సామాజిక పరిసరం. అడ్డు వరుసలు మూడు: ఘటనకు ముందు, ఘటన క్షణం, ఘటన తర్వాత. పైన చెప్పిన లారీ ఘటనను ఇందులో పెడితే మద్యం, రేడియం స్టిక్కర్లు, రోడ్డు పక్కన వెలుతురు, లారీల పార్కింగ్ నిబంధన ‘ముందు’ వరుసలో పడతాయి. హెల్మెట్, లారీ వెనక రక్షణ కమ్మీ ‘క్షణం’లో, అంబులెన్సు, రక్తనిధి ‘తర్వాత’లో పడతాయి. పన్నెండు గళ్లలో డ్రైవర్ జాగ్రత్త ఒక్క గడి మాత్రమే. ‘జాగ్రత్తగా నడపండి’ అన్న బోర్డులకు పెట్టే ఖర్చు మాత్రం తక్కిన పదకొండు గళ్లను మరిపిస్తుంది.

మనిషి ప్రతిసారీ గుర్తుపెట్టుకుని చేయాల్సిన పని కంటే, ఎవరి ప్రమేయం లేకుండా తనంతట తాను పనిచేసే రక్షణే మేలని ఈ శాస్త్రం చెబుతుంది. వేగనిరోధకాలు, యంత్రానికి శాశ్వతంగా బిగించిన కవచం, రోడ్డు మధ్య విభాగిని ఈ కోవలోవి. హెల్మెట్ ఆ కోవలోది కాదు, రోజూ పెట్టుకోవాలి. అందుకే చట్టం, తనిఖీ రెండూ కావాలి. మోటారుసైకిల్ హెల్మెట్ మరణ ప్రమాదాన్ని 42 శాతం, తల గాయ ప్రమాదాన్ని 69 శాతం తగ్గిస్తుందని 2008 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది.

భారతదేశం

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో 4,61,312 రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు, 4,43,366 మంది గాయపడ్డారు. మృతుల్లో ద్విచక్ర వాహనాలపై ఉన్నవారు 44.5 శాతం, పాదచారులు 19.5 శాతం. హెల్మెట్ లేకుండా పోయినవారు 50,029 మంది. ఇవి పోలీసు లెక్కలు. ప్రమాద కారణంగా అన్నిటికంటే ఎక్కువగా నమోదయ్యేది ‘అతివేగం’. ఘటనా స్థలానికి వచ్చిన హెడ్ కానిస్టేబులు రోడ్డు వంపును కొలవడు కాబట్టి రోడ్డు నిర్మాణ లోపం ఆ గడిలోకి రావడం అరుదు. మరణాల కంటే గాయాల లెక్క మరీ తక్కువ నమ్మదగినది. చనిపోయినవారికి రెండున్నర రెట్లే గాయపడ్డారన్నది ఏ ఆసుపత్రి క్యాజువాలిటీ అనుభవంతోనూ పొసగదు.

కాలిన గాయాల విషయంలో తేడా ఇంకా పెద్దది. 2001లో దేశంలో అగ్ని సంబంధ మరణాలు 1,63,000 అని, వారిలో 1,06,000 మంది స్త్రీలని 2009లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. పోలీసు లెక్కకు ఇది దాదాపు ఆరు రెట్లు.

ఆసుపత్రి వైపు నుంచి పెద్ద ప్రయత్నం 2013–15 మధ్య ముంబయి, ఢిల్లీ, కోల్‌కతాల్లోని నాలుగు విశ్వవిద్యాలయ ఆసుపత్రుల్లో జరిగిన ట్రామా రిజిస్ట్రీ. చేరిన గాయాల రోగుల్లో సుమారు ఐదింట ఒకరు నెలలోపే మరణించారు. అందులో 2,523 మరణాలను పరిశీలించిన సమీక్ష సగానికి పైగా నివారించగలిగినవేనని తేల్చింది. శ్వాసమార్గం కాపాడడంలో, రక్తస్రావం ఆపడంలో, తలకు స్కానింగ్ తీయడంలో ఆలస్యాలు అక్కడా కనిపించాయి. ఖోన్ కేన్ జాబితాతో పోలిక దాచినా దాగదు.

ఆడిట్ ఒక రాష్ట్రవ్యాప్త అలవాటుగా స్థిరపడిన చోటు కేరళ. అక్కడ ప్రసూతి, స్త్రీవైద్య నిపుణుల సమాఖ్య 2004 నుంచి ప్రసూతి మరణాలను పేర్లు లేకుండా సమీక్షిస్తోంది. ఇది గాయాలకు సంబంధించింది కాదు. అయినా దేశంలో గోప్య ఆడిట్ ఏళ్ల తరబడి నడవగలదని చూపింది.

తమిళనాడులో రోడ్డు మరణాలు 2016లో 17,218 కాగా 2019లో 10,525కు దిగాయి. ఆ మధ్యలో ప్రమాద స్థలాల దిద్దుబాటు, గస్తీ, ఎమర్జెన్సీ కేంద్రాల విస్తరణ ఒకేసారి జరిగాయి. ఏ ఒక్కదానికీ ఘనత కట్టబెట్టడం కుదరదు.

పొలం, చెట్టు, వంటిల్లు

రోడ్డు ప్రమాదాల మీద చూపు నిలిచిపోవడంతో గ్రామీణ గాయాలు వెనకబడతాయి. నూర్పిడి యంత్రాల్లో చేతులు పోగొట్టుకున్న కూలీల కేసులు పెరిగాకే పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. పంటను లోపలికి తోసే గొట్టం చేయి పళ్లదాకా వెళ్లనంత పొడవుగా ఉండాలన్నది అందులోని ప్రధాన ఆలోచన. గడ్డి కోసే యంత్రానికి పిల్లల వేళ్లు తెగకుండా కవచాలను ఐఐటీ ఢిల్లీ బృందం రూపొందించింది.

తాటిచెట్టు మీది నుంచి పడడం తెలంగాణ గీత కార్మికులకు వృత్తి గాయం. చెట్టెక్కడానికి వాడే మోకు జారినా, వానకు చెట్టు తడిసినా వెన్నెముక, కటి, తొడ ఎముకలు విరుగుతాయి. బతికినవారిలో నడుము కింద చచ్చుబడినవారు ఉంటారు. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం ‘కాటమయ్య రక్షక కవచం’ పేరుతో తాళ్లు, నడుము పట్టీలతో కూడిన భద్రతా సామగ్రి పంపిణీ ప్రారంభించింది. దాని ప్రభావం తేలాలంటే ఆర్థోపెడిక్ వార్డుల్లో ‘ఎత్తు నుంచి పడ్డాడు’ అన్న ఒక్క మాట చాలదు. చెట్టు మీది నుంచా, మిద్దె మీది నుంచా, కవచం ఉందా లేదా అన్నవి విడిగా రాయాలి. అలా రాస్తే ఏం బయటపడుతుందో పాపువా న్యూగినీ చూపింది. అలొటావ్ ఆసుపత్రిలో నాలుగేళ్ల కేసులు తిరగేసిన పీటర్ బార్స్ గాయాలతో చేరినవారిలో 2.5 శాతం మంది మీద కొబ్బరికాయ పడిందని 1984లో ప్రచురించాడు. వేడుక వార్తగా పత్రికల్లో తిరిగిన ఆ వ్యాసం నిజానికి శ్రద్ధగా చేసిన ఆడిట్.

వంటింటి గాయాల్లో కిరోసిన్ స్టవ్ పేలడం, చీర కొంగు అంటుకోవడం ముఖ్యమైనవి. గ్యాస్ వాడకం పెరిగేకొద్దీ మొదటిది తగ్గుతూ వస్తోంది. బట్టల వల్ల గాయాలు వంటింటి బయటా ఉన్నాయి: ద్విచక్ర వాహనం వెనక చక్రంలో చున్నీ, చీర చిక్కుకుని మెడకు, వెన్నుకు వచ్చే గాయాలను ఆపడానికి చక్రానికి కవచం ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాలే చెబుతున్నాయి.

తెలుగు రాష్ట్రాల్లో ఎమర్జెన్సీ సేవలు (చూడండి: 108 అంబులెన్సు)

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై తర్వాత చాలా రాష్ట్రాలకు పాకింది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పథకం పేదల ఆపరేషన్లకు ముందస్తు అనుమతి, ఫొటోలు, డిశ్చార్జి వివరాలు తప్పనిసరి చేసింది. దానివల్ల దేశంలోనే పెద్ద శస్త్రచికిత్స రికార్డు ఒకటి ఆరోగ్యశ్రీ ట్రస్టు కంప్యూటర్లలో పోగైంది. బిల్లులు చెల్లించడానికి పుట్టిన రికార్డు కనుక ఏ ఆపరేషన్‌కు ఎంత ఖర్చయిందో అది బాగా చెబుతుంది. రోగి గాయపడిన చోటు, హెల్మెట్, మద్యం వంటివి దాని పరిధిలోకి రావు.

చట్టం (చూడండి: వైద్య నిర్లక్ష్యం)

ప్రమాద బాధితుణ్ణి ఏ ఆసుపత్రీ చేర్చుకోకుండా తిప్పి పంపకూడదని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లో తీర్పు ఇచ్చింది. సాయం చేసినవారిని పోలీసులు వేధించకుండా 2016లో కోర్టు ఆమోదించిన మార్గదర్శకాలు 2019 మోటారు వాహనాల సవరణలో సెక్షన్ 134ఎగా మారాయి. అదే సవరణలో సెక్షన్ 198ఎ, లోపభూయిష్టంగా రోడ్డు వేసిన కాంట్రాక్టరు, ఇంజినీరింగ్ సలహాదారులకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించింది.

ఆడిట్‌కు చట్టం అంతగా కలిసిరాలేదు. 1995లో వి.పి. శాంత కేసు తీర్పుతో వైద్యసేవ వినియోగదారుల చట్టం పరిధిలోకి వచ్చింది. డాక్టర్ల మీద క్రిమినల్ కేసులకు 2005 నాటి జాకబ్ మాథ్యూ తీర్పు కొన్ని హద్దులు పెట్టింది. ఆస్ట్రేలియాలో మరణ ఆడిట్ పత్రాలను కోర్టుకు రప్పించకుండా ప్రత్యేక చట్టరక్షణ ఉంది. ఆ రక్షణ లేని చోట సర్జన్లు సమీక్ష మినిట్స్ పొడిపొడిగా రాస్తారు.

కొలతల్లో తేడాలు

ప్రపంచ శస్త్రచికిత్సపై 2015 నాటి లాన్సెట్ కమిషన్ ఆపరేషన్ తర్వాత మరణాల శాతాన్ని దేశాలు కొలవాల్సిన ఆరు సూచికల్లో ఒకటిగా పెట్టింది. ఆపరేషన్ థియేటర్‌కు వెళ్లిన రోగి డిశ్చార్జి అయ్యేలోపు మరణిస్తే అది ఆ లెక్కలోకి వస్తుంది. రక్తం దొరక్క క్యాజువాలిటీలోనే పోయినవాడు దానిలో లేడు. పోలీసు లెక్కలో ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు మరణాలు వస్తాయి. 2025 మేలో కేంద్రం ప్రకటించిన నగదు రహిత చికిత్స పథకం ప్రమాద తేదీ నుంచి 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా ఖర్చు భరిస్తుంది. పన్నెండో రోజున, ఆపరేషన్ జరిగిన తర్వాత ఐసీయూలో మరణించిన రోగి పోలీసు లెక్కలోనూ, ఆసుపత్రి సూచికలోనూ ఉంటాడు. పథకం రికార్డు మాత్రం అతని ఏడో రోజుతో ముగుస్తుంది. ఆపరేషన్ అవసరం పడక, పదో రోజున న్యుమోనియాతో పోయినవాడి మరణం ఈ మూడింటిలో పోలీసు లెక్కలో తప్ప ఇంకెక్కడా కనిపించదు. అది కూడా ఆసుపత్రి నుంచి ఠాణాకు మరణ సమాచారం వెళ్తేనే.